అమావాస్య నాటి కాల్ షీట్

ధర్మవరం ప్రెస్ ట్రిప్ బాధ్యత నాకు అప్పగించింది ఒక ఆషాఢం చివర్లో, బెంగళూరులోని ఫ్యాషన్ పీఆర్ ఏజెన్సీలో నేను చేరిన మూడో ఏడాది. అప్పటికి నా హోదా సీనియర్ అకౌంట్ ఎగ్జిక్యూటివ్. పేరు పెద్దదే గానీ కింద ఎవరూ ఉండరు. పైన అకౌంట్ డైరెక్టర్, ఆవిడ పైన క్లయింట్, క్లయింట్ పైన క్లయింట్ మూడ్. ఇప్పుడు నేను ఆ పనిలో లేను. ముప్పై నిండకుండానే రిటైర్ అయ్యానంటే మా ఇంట్లో నవ్వుతారు. ఫ్యాషన్ పీఆర్‌లో ఆరేళ్లపాటు ప్రతి ఫోనూ ఎత్తినవాళ్లకి మాత్రం అది పూర్తి సర్వీసు కిందే లెక్క.

ఆ పనిలో రోజంతా ఏం చేస్తారని చాలామంది అడుగుతారు. షోలకి వెళ్లి ఫోటోలు దిగడం అనుకుంటారు. పొద్దున కళ్లు తెరవగానే ఫోన్‌లో పత్రికలన్నీ తిరగేసి, మా క్లయింట్ల పేరు ఎక్కడెక్కడ వచ్చిందో ఏరి పంపాలి. దాన్ని కవరేజ్ రిపోర్ట్ అంటాం. తర్వాత శాంపిల్స్ సంగతి: షూటింగ్‌కి అరువిచ్చిన బట్టలు తిరిగొచ్చాయా, మేకప్ మరకలతో వచ్చాయా, అసలు వచ్చే ఉద్దేశం ఉందా. ఆ తర్వాత ఎడిటర్లు. ఎవరికి పొద్దున ఫోన్ చేస్తే చిరాకు, ఎవరికి వాట్సాప్ చాలు, ఎవరు ఏ రకం ఫోటో చూసి చూసి విసిగిపోయారు, ఇదంతా తెలిసి ఉండాలి. బట్టల గురించి తెలిసినవాళ్లు ఊరినిండా ఉన్నారు. మాకు జీతమిచ్చేది మనుషుల గురించి తెలిసినందుకు.

ఆ ఏడాది నా క్లయింట్ ఒక పట్టుచీరల లేబుల్. శ్రావణమాసం కోసం కొత్త కలెక్షన్ తెస్తోంది. అందులో ముఖ్యమైన చీరలన్నీ ధర్మవరంలో నాగభూషణం గారి ఇంట్లో నేసినవి. ఒక పత్రిక ఎడిటర్ వసుధ గారినీ, ఆవిడ ఫోటోగ్రాఫర్‌నీ తీసుకెళ్లి ఆ మగ్గం చూపించి తీసుకురావడం నా పని. ఇలాంటి ప్రయాణానికి కాల్ షీట్ అని ఒకటి తయారు చేస్తాం. ఎవరు ఏ టైముకి ఎక్కడ ఉండాలి, ఏ ఫోటో తీయాలి, అన్నీ అందులో ఉంటాయి. నా కాల్ షీట్‌లో మధ్య వరుస మొత్తం బోల్డ్ అక్షరాల్లో ఉంది: నాగభూషణం మగ్గం నేస్తుండగా, చేతులు, నాడె, క్లోజప్. నాడె అంటే మగ్గంలో అడ్డపోగును అటూ ఇటూ తీసుకెళ్లేది.

తేదీ క్లయింట్, అంటే ఆ లేబుల్ ఓనర్ మేడం, చెప్పింది. నేను నాగభూషణం గారిని వాట్సాప్‌లో అడిగాను, ఆ రోజు మీకు వీలవుతుందా, ఖాళీగా ఉంటారా అని. ఆయన ఎప్పుడూ టైప్ చేయడు, చేతులు ఖాళీ ఉండవు కదా. వాయిస్ నోట్ పంపుతాడు. వెనకాల మగ్గం చప్పుడులో ఆయన గొంతు సగమే వినపడేది. "ఆ పొద్దు రాండి మేడమ్, ఏం ఇబ్బంది ల్యా. ఆ పొద్దు ఇంట్లో అందరం ఖాళీనే" అన్నాడు. ఇంకేం కావాలి? నేను టిక్ పెట్టేశాను.

ముందురోజు సాయంత్రమే హిందూపురం చేరి లాడ్జిలో దిగాం. పొద్దున టిఫిన్ దగ్గర మా ట్యాక్సీ డ్రైవర్ బాషా, హిందూపురం మనిషే, నా ఫోన్‌లో కాల్ షీట్ చూసి అడిగాడు.

"ధర్మవరంలో ఏం చూసేకి పోతాండారు మేడమ్?"

"మగ్గం. చీర ఎట్లా నేస్తారో."

"ఈ పొద్దా?" అని ఒక్క క్షణం ఆగాడు. "అమావాస్య కదా మేడమ్. ఇన్ని దుడ్లు పోసి ట్యాక్సీ మాట్లాడుకోని, నిద్దరపోయే మగ్గాన్ని చూసేకి పోతాండారా?"

హైదరాబాద్‌లో పెరిగిన నాకు అమావాస్య అంటే పేపర్లో ఓ మూల ఉండే మాట. ధర్మవరంలో అది నేతగాళ్ల సెలవు. ఆ రోజు ఎవరూ మగ్గం ఎక్కరు. ఇడ్లీ వదిలేసి బయటికొచ్చి నాగభూషణం గారికి ఫోన్ చేశాను. ఆ రోజు మొదటిసారి ఆయన గొంతు పూర్తిగా, శుభ్రంగా వినపడింది. వెనకాల ఏ చప్పుడూ లేదు.

"మగ్గం ఆడదు మేడమ్. మీరు చీరలు చూసేకి వస్తాండారనుకుంటి. ఖాళీనా అని అడిగితిరి. ఖాళీనే కదా మేడమ్?"

మనిషి అక్షరాలా నిజం చెప్పాడు.

పెనుకొండలో కారు ఆపించాను. వెలుగు బాగుంది, కోట గోడ కొన్ని ఫ్రేములు తీసుకోండని వసుధ గారినీ ఫోటోగ్రాఫర్‌నీ పంపించి, కొండ కింద టీ బంకు దగ్గర నిలబడి క్లయింట్‌కి ఫోన్ చేశాను. ఆవిడ మొదట నవ్వింది. తర్వాత, పది నిమిషాలు నేయమను, ఎక్స్‌ట్రా ఇస్తామని చెప్పు, ఇదేమన్నా పెద్ద విషయమా అంది. నేయరని చెప్పాను. అప్పుడు ఆవిడ గొంతు మారింది. మగ్గం ఆడకపోతే శ్రావణం పడుగు ఆ ఇంటికి ఇవ్వను, ఇంకో ఇల్లు చూసుకుంటాను అంది. పడుగంటే మగ్గానికి నిలువునా ఎక్కించే పట్టు. ఒక్క పడుగు మీద వరసగా కొన్ని చీరలు దిగుతాయి. అది రాకపోతే సీజన్ నడిమధ్యలో ఆ ఇంట్లో మగ్గం ఉత్తదే.

నాకు ముక్కు మీద కోపం. చిన్నప్పటి నుంచీ అంతే. "మీ లాంచ్ పేరు చెప్పి వాళ్ల ఇంటి పద్ధతి మార్చమనడానికి నేను రాలేదు మేడం" అని ఫోన్ కట్ చేశాను.

మా వృత్తిలో క్లయింట్ ఫోన్ కట్ చేయడమంటే ఏమిటో ఆ వృత్తిలో ఉన్నవాళ్లకే తెలుస్తుంది. టీ చల్లారకముందే మా అకౌంట్ డైరెక్టర్ ఫోన్. ఆవిడ అరవదు, అదే భయం. "ముందు సారీ చెప్పు. తర్వాత నిజం చెప్పు. ఆ వరస మార్చకు" అంది. సారీ అని మెసేజ్ పెట్టాను. నిజం ఎట్లా చెప్పాలో ఇంకా తేలలేదు.

ధర్మవరంలో ఆ వీధికి అంతకుముందు ఒకసారి వెళ్లాను. అప్పుడు ఇంటింటి నుంచీ టకటకమని చప్పుడు వచ్చేది, పక్కనున్న మనిషితో గట్టిగా మాట్లాడాల్సి వచ్చేది. ఆ రోజు వీధి ఎట్లా ఉందంటే, ఎవరో వంటింట్లో గరిటె కింద పెట్టినా వినపడింది. ఎదురింటి అరుగు మీద కూర్చున్న పెద్దమనిషి కెమెరా చూసి కేకేశాడు.

"ఏమప్పా భూషణా, సినిమావోళ్లా? అమావాస్య పొద్దు మగ్గమెక్కి యాక్టింగ్ చేస్తావా ఏం?"

నాగభూషణం గారు నవ్వలేదు. నన్ను ఇంటి వెనక్కి పిలిచాడు. క్లయింట్ మేడం నన్ను దాటి నేరుగా ఆయనకే ఫోన్ చేసిందని అప్పుడు తెలిసింది.

"తలుపేసుకోని పది నిమిషాలు ఆడిస్తాలే మేడమ్. పడుగు పోతే యాడికి పోయేది? మీరు ఫోటో తీసుకోని పొండి. ఎవరికీ చెప్పొద్దండి."

లోపల చేటలో బియ్యం ఏరుతున్న వాళ్లమ్మ, అందరూ అవ్వ అనే లక్ష్మమ్మ గారు, తల ఎత్తకుండానే అంది. "తలుపేస్తే చప్పుడు యాడికి పోతాదిరా? ఊరంతా గమ్మునుంటే నీ మగ్గమొకటే మోగితాది. ఎదురింటాయన ఇప్పుడే అడిగినాడు, ఇంగ పొద్దుగూకే దాకా అడుగుతానే ఉంటాడు."

"అట్లయితే ఏం చేద్దామంటావమ్మా?"

"నన్నడగతావేం? వీళ్లందర్నీ పిల్చుకోనొచ్చింది ఆ పాప కదా. ఆ పాపనే అడుగు."

ఆ పాప నేనే. ఇద్దరూ నా వైపు చూశారు. నేను ఫోన్ వైపు చూశాను, అలవాటు కొద్దీ.

అప్పుడు నా పని నాకు గుర్తొచ్చింది. మొదటిది, ఆ ఫోటో రేపు అచ్చయి ఆన్‌లైన్‌కి ఎక్కితే, కింద ధర్మవరం నుంచి ఒక్కరు "ఇది అమావాస్య నాడు తీసింది, నాటకం" అని కామెంట్ పెడితే చాలు. లేబుల్ పరువు శ్రావణం మొదటి వారంలోనే పోతుంది. రెండోది వసుధ గారి గురించి. మగ్గం మీద నేతగాడి చేతులు, అదే కోణం, అదే వెలుగు, ఆవిడకి ప్రతి చీరల కంపెనీ పంపుతుంది. నా మీడియా లిస్టులో ఆవిడ పేరు పక్కన "చేతుల ఫోటో వద్దు" అని నేనే రాసుకున్నాను. మరి కాల్ షీట్‌లో నేను బోల్డ్ చేసిందేమిటి? క్లయింట్ కోరింది.

"మీరు మగ్గం ఎక్కితే ఫోటో తీయనివ్వను" అని నాగభూషణం గారికి చెప్పాను. కొంచెం గట్టిగానే అన్నట్టున్నాను, ఆయన బెదిరాడు. "పడుగు సంగతి నాకొదిలేయండి" అన్నాను. ఎట్లా అని ఆయన అడగలేదు, అడిగుంటే చెప్పగలిగేదాన్ని కాదు.

వసుధ గారి దగ్గరికెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. ఈ రోజు ఊళ్లో ఒక్క మగ్గం కూడా ఆడదు, నేయమంటే నేను ఒప్పుకోలేదు, కావాలంటే వెనక్కి వెళ్దాం. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, మరి నాకేం చూపిస్తావ్ అంది. ఫోన్ తీసి, నాగభూషణం గారి పాత వాయిస్ నోట్ పెట్టి, సౌండ్ పూర్తిగా పెంచి వీధి మధ్యలో నిలబడ్డాను.

టక్, టక్, టక్. ఆ నిశ్శబ్దంలో మగ్గం చప్పుడు వీధి చివరిదాకా వెళ్లింది. ఎదురింటి పెద్దమనిషి అరుగు దిగేశాడు. "ఎవడ్రా అది, మగ్గమెక్కింది?" అవ్వ చేట పక్కన పెట్టి గుమ్మంలోకి వచ్చింది, చెవి పెట్టి వింది, నవ్వింది.

"కూసో అబ్బా కూసో, అది ఫోను. మన మగ్గమే. ఆ దెబ్బ మా కోడలిది, వానిది ఇంత గట్టిగుండదు."

"అంటే నేను మెల్లగ నేస్తానా?" అన్నాడు నాగభూషణం గారు.

"నేస్తావులే. ఫోను మాట్లాడతా నేస్తావు."

వీధంతా నవ్వింది. వసుధ గారు ఇంకోసారి పెట్టమంది. విని, "ఇది మిగతా రోజులు. ఈ రోజు ఇట్లా ఉంది" అని తనలో తను అనుకుంటున్నట్టుగా అంది. తర్వాత ఫోటోగ్రాఫర్‌ని పిలిచింది.

మగ్గం మీద తెల్లగుడ్డ కప్పి, పసుపు కుంకుమ పెట్టి, పూలు ఉంచారు. గుడ్డ తీయొచ్చా అని ఫోటోగ్రాఫర్ భయపడుతూ అడిగాడు. "ఎత్తి చూడు నాయనా. నేసేకే అమావాస్య, చూసేకి ఏం అడ్డం?" అంది అవ్వ. గుడ్డ కింద సగం నేసిన నెమలికంఠం రంగు చీర, పక్కన నాడె, ఎక్కడాగిందో అక్కడే. చేతులు అడ్డం లేవు కాబట్టి, నీలం ఎక్కడ పచ్చగా తిరుగుతుందో స్పష్టంగా కనపడుతోంది. మగ్గం పక్కన అవ్వ కాళ్లు చాపుకుని కూర్చుంది. ఎవరూ అలా కూర్చోమని చెప్పలేదు. ఆ రోజు ఆ ఇంట్లో ఎవరికీ తొందర లేదు.

మా పద్ధతి ప్రకారం క్లయింట్ ఒప్పుకోకుండా ప్రెస్ నోట్ బయటికి పోకూడదు. ప్రెస్ నోట్ అంటే పత్రికలకి మేమిచ్చే వివరం, వాళ్లు అందులోంచే రాసుకుంటారు. అరుగు మీద కూర్చుని, మొత్తం నోట్ ఫోన్‌లోనే కొత్తగా రాశాను. మొదటి వాక్యం ఇది: "ఈ చీర ఒకరోజు ఆగింది, ఎందుకంటే ఆ రోజు ధర్మవరం మొత్తం ఆగుతుంది." నాగభూషణం గారి పేరు ఇంటిపేరుతో సహా పెట్టాను. క్లయింట్‌కి పంపి, కింద రెండే మాటలు రాశాను. వసుధ గారు ఈ కథ ఇస్తే మొదటి పేజీల్లో వేస్తానన్నారు. నాటకం చేయిస్తే వెళ్లిపోతానన్నారు. రెండూ ఆవిడ నోటితో అన్నవే, అడిగి మరీ రాశాను.

జవాబు రాలేదు. చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి. అవ్వ కోడలు బొరుగుల ఉగ్గాని పెట్టింది, తిన్నాను. ఇంకా రాలేదు. నాగభూషణం గారు నా ఫోన్ వైపు చూస్తూనే ఉన్నాడు, నాకంటే ఎక్కువగా. చివరికి వచ్చింది, ఒక బొటనవేలు బొమ్మ. ఒక్క మాట కూడా లేదు. మా వృత్తిలో అదీ రాతపూర్వక అంగీకారమే. వెంటనే స్క్రీన్‌షాట్ తీసి మా డైరెక్టర్‌కి పంపాను. తర్వాత నాగభూషణం గారికి చూపించి, నోట్ మీ పేరుతోనే పోతోంది, ఇంక పడుగు మీకే అన్నాను. ఆయన ఆ బొటనవేలిని రెండు వేళ్లతో పెద్దది చేసి చూసుకున్నాడు.

శ్రావణంలో కథ వచ్చింది. తెరవగానే రెండు పేజీల నిండా ఆగిన మగ్గం, పక్కన అవ్వ. ఒక్క చేతుల ఫోటో లేదు. క్లయింట్ దాన్ని తన పేజీలో పెట్టుకుని, మేమెప్పుడూ నేతగాళ్ల సంప్రదాయాన్ని గౌరవిస్తాం అని రాసింది. చదివి నాకు ఒళ్లు మండింది, లైక్ కొట్టాను. కొట్టడం కూడా ఉద్యోగమే. పడుగు నాగభూషణం గారి ఇంటికే వెళ్లింది. ఏజెన్సీలో ఆ ఏడాది చూపించుకున్న కవరేజ్‌లో మొదటిది అదే. ఆ కథ నాది. ఎవరు ఏమనుకున్నా ఇప్పటికీ గర్వంగానే చెబుతాను. అదే వారం, క్లయింట్ ఫోన్ మధ్యలో కట్ చేయరాదని నాకొక హెచ్చరిక మెయిల్ కూడా వచ్చింది. దానికీ థాంక్యూ అని జవాబిచ్చాను.

ఆ తర్వాత నేను చేసిన ప్రతి కాల్ షీట్‌లో తేదీ పక్కన తిథి కోసం ఒక వరుస ఉండేది. ఆఫీసులో పంచాంగం మేడం అని ఏడిపించారు. నేను మానేశాక కూడా ఆ వరుస తీసేయలేదని విన్నాను.

ఇంకొకటి కూడా మార్చుకున్నాను. ఫలానా రోజు ఖాళీనా అని ఎవరినీ అడగను. ఆ రోజు మీ ఇంట్లో ఏం జరుగుతుంటుంది అని అడుగుతాను.