ముక్కు వదినకు తెలియని వాసన

ముక్కు వదిన అనే పేరు విని ఆమెను చూడవచ్చినవాళ్లు కాస్త నిరాశపడేవారు. ఆ ముక్కు ఏమంత పెద్దది కాదు, పైగా కొంచెం చప్పిడిది. పేరు వచ్చింది దాని అందం వల్ల కాదు, పనితనం వల్ల. లాండ్రీకి మూట రాగానే మిగతావాళ్లు మరకలు వెతుక్కుంటే, ఆమె మూట విప్పి తల వంచేది. "ఈ చొక్కా మీద పెట్రోలు పడింది, విడిగా పెట్టండి. ఈ దుప్పటి జ్వరమొచ్చినవాళ్లది, వేడినీళ్లలో వెయ్యండి. ఈ కోటు తాలూకు ఆయన సిగరెట్టు మానేశానని ఇంట్లో చెప్పుకుంటున్నాడు గానీ, మానలేదు" అనేది. యజమాని ఆ ముక్కును తానే కొని తెచ్చినట్టు అందరికీ చూపించి మురిసిపోయేవాడు.

అలాంటి ముక్కు ఆమె కడుపుతో ఉన్న మొదటి నెలల్లో పగబట్టింది. సబ్బు వాసనకు వాంతి, గంజి వాసనకు వాంతి, ఆఖరికి మొగుడి తలనూనెకు కూడా వాంతే. అయినా ముక్కుకు గుడ్డ కట్టుకుని పనికి వచ్చేది. పెళ్లయిన చాలా ఏళ్లకు నిలిచిన కడుపు అది. అంతకుముందు ఒకసారి నిలిచినట్టే నిలిచి జారిపోయింది. ఆ సంగతి ఎవరూ ఎత్తరు, ఆమె మరిచిపోదు. ఈసారి బిడ్డ చేతికి వస్తే చాలు, ఇంకేమీ అడగనని రోజూ మనసులో అనుకునేది.

నెలలు నిండుతున్నా ఇంట్లో కూర్చోమంటే వినలేదు. "ఇంట్లో కూర్చుంటే అత్తయ్య నన్ను చూస్తూ కూర్చుంటుంది, నేను ఆవిడను చూస్తూ కూర్చోవాలి. అంతకంటే మిషన్‌ను చూడ్డం నయం కదా" అనేది. సరేనని యజమాని ఆమెకు ఒక ఎత్తు స్టూలు వేయించి, మూటలు ఎత్తే పని తప్పించి, వాసన చూసే పని మాత్రం ఉంచాడు.

ఆ సాయంత్రం మూటలు వేరుచేస్తుండగా కాళ్లు తడిసినట్టనిపించింది. లాండ్రీలో కాళ్లు తడవడం ఒక వింతా? మిషన్ తలుపు రబ్బరు కారుతోందేమోనని వంగలేక వంగి చూసింది. రబ్బరు బాగానే ఉంది. లోపలికి వెళ్లి బట్టలు మార్చుకుంది. కాసేపటికి మళ్లీ తడి. అప్పుడు ఆమెకు సిగ్గుతో ఒళ్లు కుంచించుకుపోయింది. బిడ్డ బరువుకు పాసు ఆగడం లేదనుకుంది. ఇంత వయసొచ్చి, పదిమందిలో పని చేస్తూ, ఈ మాట ఎవరితో చెప్పుకుంటుంది? ఒక పాత తువ్వాలు మడిచి పెట్టుకుని, ఏమీ ఎరగనట్టు ఇంటికి వెళ్లింది.

ఇంట్లో అన్నం తింటూ అత్తను మాటల్లో పెట్టింది. "కాన్పు దగ్గర పడిందని ఎలా తెలుస్తుంది అత్తయ్యా?"

"నొప్పులు వస్తే తెలుస్తుంది. నొప్పుల్లేకుండా కాన్పేమిటే? నీ మొగుడి కాన్పుకు నేను పెట్టిన కేకలకు వీధి వీధంతా లేచింది."

నొప్పులు లేవు కదా, మరేం ఫరవాలేదని ఆమె పడుకుంది. అత్త చెప్పింది అత్తకు జరిగిన సంగతి. కోడలు దాన్ని అందరికీ జరిగే సంగతనుకుంది. ఇలాంటి పొరపాట్లు చదువుకున్న ఇళ్లలోనూ జరుగుతాయి, కాబట్టి ఆమెను ఎవరూ వేలెత్తి చూపనక్కర్లేదు.

మర్నాడు పనిలో తువ్వాలు మార్చుకుంటుండగా, చేతికున్న అలవాటు కొద్దీ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. పెట్టుకుని ఆగిపోయింది.

అది పాసు కాదు. పాసు వాసన ఆమెకు తెలియకపోవడమేమిటి, ఊళ్లోని పసిపిల్లల పక్కగుడ్డలన్నీ తన చేతుల మీదుగా పోతుంటే. చెమట కాదు, సబ్బు కాదు. మరోసారి చూసింది. కొంచెం తియ్యన, కొంచెం ఉప్పన. ఏ ఇంటి నుంచీ, ఏ మూటలోంచీ, ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా రాని వాసన. ఇది తన ఒంట్లోంచి వచ్చిందా అని ఆమెకు ఒళ్లు జలదరించింది. అది భయమో మరేమిటో ఆమెకే తెలియలేదు.

తువ్వాలు పట్టుకుని ఇస్త్రీ బల్ల దగ్గరికి నడిచింది. అక్కడ పని చేసే ఇస్త్రీ అక్క ముగ్గురు పిల్లల తల్లి. "అక్కా, ఇదేమిటో చెప్పు" అంది. ఇస్త్రీ అక్కకు ఏడాది పొడుగునా జలుబే, వాసన సంగతి ఆమెకు తెలియదు. తువ్వాలు చూసింది, ముక్కు వదిన మొహం చూసింది, ఇస్త్రీపెట్టె స్విచ్చి కట్టేసింది.

"ఎప్పట్నుంచి?"

"నిన్న సాయంత్రం. నొప్పులైతే లేవు."

"నొప్పుల్లేవా? అయితే ఏంటి? ఉమ్మనీరు పోతోందే పిచ్చిదానా. నడువు."

మొగుడు ఆ లాండ్రీ వ్యాను డ్రైవరే. ఎప్పుడూ హారను మీద నుంచి చెయ్యి తియ్యనివాడు ఆ రోజు ఒక్కసారి కూడా మోగించలేదు. గుడ్ల బుట్ట మోస్తున్నవాడిలా ప్రతి గుంతనూ తప్పించుకుంటూ నడిపాడు. వెనక మూటల మధ్య ఆమె పొట్ట మీద చెయ్యి వేసుకుని, బిడ్డ ఆఖరిసారి ఎప్పుడు కదిలిందా అని గుర్తుచేసుకుంటోంది. పొద్దున కదిలిందా? రాత్రా? గుర్తు రావడం లేదు. నీళ్లన్నీ పోయి ఉంటే బిడ్డ ఏమైనట్టు? తన సిగ్గు కోసం బిడ్డను పోగొట్టుకుందా?

ఆసుపత్రిలో డాక్టరమ్మ అడగవలసినవన్నీ అడిగింది. ఏ రంగు, ఏమైనా చెడు వాసన ఉందా, జ్వరమా. "తేటగానే ఉందండీ, చెడు వాసన కాదు" అంది ముక్కు వదిన. "మరి నిన్ననే ఎందుకు రాలేదు?" అనేసరికి కళ్లు దించుకుని, "పాసు అనుకున్నానండీ. చెప్పడానికి సిగ్గేసింది" అంది.

డాక్టరమ్మ పొట్ట మీద మిషన్ ఆనించింది. మొదట గరగర తప్ప ఏమీ లేదు. అక్కడ కాదని ఇంకాస్త పక్కకు జరిపింది. అప్పుడు వినిపించింది, బట్టల మిషన్ ఆఖరి తిప్పులో కొట్టుకున్నట్టు, దడదడా దడదడా. ఎవరికీ జంకకుండా, తన పని తాను చేసుకుపోతున్న చప్పుడు. ఆమె ఏడ్చేసింది.

"బిడ్డ బాగుంది. నీళ్లు తగ్గాయి గానీ ఇంకా ఉన్నాయి" అని డాక్టరమ్మ నవ్వింది. "నువ్వనుకున్నది మరీ తప్పేం కాదమ్మా. అందులో చాలావరకు పాసే. కాకపోతే నీది కాదు, బిడ్డది. పోస్తుంది, తాగుతుంది, మళ్లీ పోస్తుంది. అలా ఊరుతూనే ఉంటుంది. ఇంక ఆలస్యం చెయ్యకూడదు, నొప్పులు రావడానికి మందు పెడతాను."

చేతికి సూది గుచ్చుతున్నా ముక్కు వదినకు ఆ ధ్యాస లేదు. లాండ్రీలో ఒక్క మూట ఉతికితే నీళ్లు నల్లబడతాయి. రెండో మూటకు కొత్త నీళ్లు పట్టాల్సిందే. ఇన్ని నెలలుగా పోసి, తాగి, మళ్లీ పోసిన నీళ్లు అంత తేటగా ఎలా ఉన్నాయి? తాను మూటలు విప్పుతూ, అత్తతో వాదులాడుతూ తిరుగుతున్నంత కాలం, లోపల ఎవరో తన నీళ్లు తానే ఊరించుకుని అందులో హాయిగా ఈదుతున్నారన్నమాట. ఇంటి మనిషిని ఇన్నాళ్లూ పలకరించలేదే అనిపించింది.

తర్వాత నొప్పులు వచ్చాయి. అత్త చెప్పిన వీధి లేచే కేకల్లో అబద్ధమేమీ లేదని తేలింది. మిగిలిన నీళ్లు ఒక్క ఉదుటున బయటికొచ్చి, నర్సు చెప్పులు తడిసిపోయాయి. తెల్లవారుతుండగా ఆడపిల్ల పుట్టింది. పుడుతూనే ఆ గదిలో ఉన్నవాళ్లందరినీ గట్టిగా తిట్టింది.

తుడవడానికి నర్సు గుడ్డ తీసేలోపే ముక్కు వదిన పిల్లను గుండెల మీదికి అందుకుంది. తడి తడి నల్లటి జుట్టులో ముక్కు పెట్టింది. అదే వాసన. తువ్వాలులో ఉన్నదే. నిన్న పేరు తెలియక భయపడ్డ వాసనకు ఇప్పుడు కాళ్లూ చేతులూ ఉన్నాయి, కోపం కూడా ఉంది.

కాసేపటికి నర్సు గోరువెచ్చని నీళ్లు తెచ్చింది. అప్పుడే వచ్చిన అత్త చేతులు చాచింది. "ఇటివ్వు, ఒళ్లు కడిగించి తెస్తాను."

"ఈ పూటకు తల కడగొద్దు అత్తయ్యా. ఒళ్లు తుడిస్తే చాలు."

"బాగుంది. ఊరందరి బట్టలూ ఉతుకుతావు, కన్నపిల్లను కడగనివ్వవా?"

"ఊరందరి వాసనలూ పోగొట్టడమే కదా నా పని. ఇదొక్కటి ఉండనీ."

ఇదేం చోద్యమే అంటూ అత్త వంగి, మనవరాలి తల వాసన చూసింది. చూసిన మనిషి ఎంతకీ తల ఎత్తలేదు. కోడలు కంగారుపడి, "ఏమైంది అత్తయ్యా?" అంది.

అత్త మెల్లగా లేచి, తలుపు దగ్గర వ్యాను తాళాలు పట్టుకుని నిలబడ్డ కొడుకు వైపు చూసింది.

"వీడిదీ ఇదే వాసన" అంది. "ఇన్నేళ్లూ మర్చిపోయాననుకున్నాను."

ఆపైన నర్సుతో, నీళ్లు అక్కడ పెట్టి వెళ్లమని, ఈ పూటకు ఒళ్లు తుడిస్తే చాలని చెప్పింది.