తప్పంతా మేనేజరు పేరున

ఆమెను ఆఫీసులో అందరూ పదిలం అక్క అనేవారు. కప్పు పగిలినా పారేయదు, పెన్నులు పెట్టుకుంటుంది. బస్సు టిక్కెట్లు అమ్మే సాఫ్ట్‌వేరు రాయడం ఆమె ఉద్యోగం.

ఒక ఆదివారం, కూతురి ఈత వీడియోలు ల్యాప్‌టాప్‌లో పట్టడం లేదని భర్త సణుగుడు మొదలెట్టాడు. జాగా మింగింది ఆఫీసు ప్రోగ్రామే. ఇప్పుడు నడుస్తున్న కోడు గుప్పెడే. కానీ మొదటినుంచీ ఎవరు ఏ లైను మార్చారో ఆ చరిత్రంతా, ఏనాడో తీసేసిన బస్సుల బొమ్మలతో సహా, ప్రతి కాపీలోనూ తిష్ఠ వేసుకుంటుంది. చెరపడానికి ఆమెకు ప్రాణం ఒప్పలేదు. అసలుది సర్వర్లో భద్రంగానే ఉందిగా అని మనసుకు నచ్చజెప్పుకుని, ఆ కాపీ తీసేసి, చరిత్ర లేకుండా చివరి రూపం మాత్రం దించుకుంది. షాలో కాపీ అంటారు దాన్ని. వీడియోలు హాయిగా పట్టాయి.

సోమవారం వెళ్లేసరికి ఆఫీసులో ఇల్లు పీకి పందిరేస్తున్నారు. పిల్లలకు పెద్దల ఛార్జీ పడుతోందట. ఈ లెక్క రాసిన బుర్ర ఎవరిదో తేలాల్సిందేనని మేనేజరు ఎగిరిపడ్డాడు. పదిలం అక్క తన ల్యాప్‌టాప్‌లో చూసింది. లైను లైనుకీ మేనేజరు పేరే.

తెర ఆయన వైపు తిప్పింది. ఆయన కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"మా పెద్దాడు పుట్టిన రోజుల్లో రాసుంటాను. అప్పుడు నిద్రలుండేవి కావు" అన్నాడు మెల్లగా.

అందరికీ క్షమాపణ చెప్పాడు. ఆ పూటంతా ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. మధ్యలో ఒకసారి వచ్చి, ఆమె ల్యాప్‌టాప్‌లోనే మిగతా ఫైళ్లు కూడా తిరగేసి వెళ్లాడు.

మధ్యాహ్నం ఆమె కిందటి నెల తాను రాసిన ఫైలు తెరిస్తే, దానిమీదా మేనేజరు పేరే. అప్పుడు వెలిగింది. శుక్రవారం సాయంత్రం ప్రోగ్రాములో స్వాగతం అన్న మాటలో అచ్చుతప్పు దిద్దింది ఆయనే. అదే చివరి మార్పు. అంతకుముందు సంగతులేవీ తన కాపీలో లేవు కనక, కంప్యూటరు అన్నింటినీ ఆ చివరి చేతికే అంటగట్టింది. ఆఫీసు కంప్యూటర్లో పూర్తి చరిత్ర తీసి చూస్తే, పిల్లల ఛార్జీ రాసింది ఉద్యోగంలో చేరిన కొత్తలో తనే.

చెప్పొద్దని, ఆయన ఇలా మెత్తగా ఉంటేనే బాగుందని పక్క సీటువాళ్లు బతిమాలారు. ఆమె కడుపులో మాట దాగలేదు. గదిలోకి వెళ్లి పూసగుచ్చినట్టు చెప్పేసింది.

"అయితే రాసింది నువ్వా?"

"నేనేనండీ."

ఆయనకు పోయిన ప్రాణం లేచొచ్చింది. అంతలోనే ఏదో అనుమానం.

"మరి ఆ సీట్ల అమరిక ఫైలు? భలే రాశానే అనుకున్నాను."

"అదీ మీది కాదండీ."

ఈ మాటకు ఆయన పొద్దుటికన్నా ఎక్కువ దిగాలుపడ్డాడు. కాసేపటికి గొంతు సవరించుకుని ఆమెకు తలంటడం మొదలుపెట్టాడు. ఆ గొంతు బయటికి వినబడగానే, కబుర్లాడుతున్న వాళ్లంతా బుద్ధిగా కుర్చీల్లో సర్దుకున్నారు.