వెర్లిన్ గాజుతొట్టిలో చెరువు కాపురం

మా విస్కాన్సిన్ ఊళ్ళో మగవాళ్ళు రిటైరయ్యాక చెరువులో చేపలు పడతారు. స్కూలు బస్సు నడిపి రిటైరైన మా పక్కింటి వెర్లిన్ హాగ్‌స్ట్రమ్ మాత్రం కుళ్ళిన కొమ్మను పట్టుకొచ్చాడు. ఘనకార్యమే!

కొమ్మ నిండా గోధుమరంగు దారాల్లాంటివి అల్లుకుని ఉన్నాయి. భూతద్దంలో చూస్తే ప్రతి దారం కొసనా చిన్న కుచ్చు విచ్చుకుని నీళ్ళలో తిండి ఏరుకుంటోంది.

"నాచు కాదే, బ్రయోజోవన్లు! వందల ప్రాణులు, ఒకటే కాపురం," అన్నాడు భార్యతో.

"ఇద్దరం ఉండడానికే నా తలప్రాణం తోకకొస్తోంది," అంది కోరిన్.

చేపలు వాటిని కొరికేస్తాయని, ఆవిడ గాజుతొట్టిలో ముద్దుగా పెంచుకున్న బంగారు చేపల్ని మేనకోడలికి దానం చేసేసి, కొమ్మని ఆ తొట్టిలో పెట్టాడు. మేతకి పచ్చనీళ్ళు కావాలట. కిటికీ నిండా సీసాలు పేర్చి నీళ్ళకి పాకుడు పట్టించాడు. ఇల్లంతా కమ్మగా బురద వాసన.

"ఇంతకీ ఈ మహానుభావులు చేసేదేమిటోయ్?" అనడిగాను.

"తింటాయి. తాకితే ముడుచుకుంటాయి."

"మా బావమరిదీ అంతే. వాడికి తొట్టి కట్టినవాడే లేడు!"

ఆకులు రాలేవేళకి దారాలన్నీ చివికిపోయాయి. వెర్లిన్ సూపు కూడా ముట్టలేదు. తొట్టి అడుగున గసగసాలకన్నా సన్నటి నల్లగింజలు మిగిలాయి. చలి తగిలితే అవే మళ్ళీ ప్రాణం పోసుకుంటాయని ఎక్కడో చదివి, ఆరబెట్టి, సీసాలో పోసి ఫ్రిజ్‌లో దాచాడు. సీసామీద పేరు రాయలేదు. అంత తెలివి!

చర్చి విందుకి కోరిన్ గసగసాల కేకు చేసింది. పాస్టరుగారు రెండు ముక్కలు లాగించి తెగ మెచ్చుకున్నారు. ఇంటికొచ్చి ఫ్రిజ్ తెరిచిన వెర్లిన్ లబోదిబోమన్నాడు.

"నా గింజలేవే?"

"ఏ గింజలు? అయ్యో, అవి గసగసాలు కావూ?"

కోరిన్ పకపకా నవ్వింది. అతని మొహం చూసి ఆపేసింది. సీసా అడుగున అంటుకున్న నాలుగు గింజల్ని తడివేలితో తీసి, అతని అరచేతిలో పెట్టింది.

మంచు కరిగాక వాటిని తొట్టిలో వేశారు. ఓ పొద్దున కోరిన్ కేక మా ఇంటిదాకా వినిపించింది.

"వెర్లిన్, రావయ్యా! విచ్చుకుంది!"

ఇప్పుడు వచ్చినవాళ్ళందరికీ వాటి గొప్పలు ఆవిడే చెబుతోంది. వెర్లిన్ మధ్యలో నోరు తెరిస్తే, "నువ్వాగు, నీకు సరిగ్గా చెప్పడం రాదు," అంటుంది.