మంచు నిలిచే వారం

మాత్రలు ఎన్నాళ్లు చెడిపోకుండా ఉంటాయో చెప్పడం నా పని. నెలల తరబడి తీసిన పాత రీడింగులు ముందేసుకుని, వాటి గ్రాఫ్ గీత మున్ముందు ఎటు పోతుందో చూడాలి. పటాన్‌చెరులో ఒక మందుల ఫ్యాక్టరీ ల్యాబ్‌లో పద్దెనిమిదేళ్లుగా ఇదే చేస్తున్నాను. అందుకే, నాతో పనిచేసే ముగ్గురు ఆడవాళ్లు మంచు చూసి స్కీయింగ్ నేర్చుకుందామని సరదా పడ్డప్పుడు, తేదీలు తేల్చే పని నాకు అప్పగించారు.

"లెక్కలు నీకే వస్తయ్ అక్కా. మంచు ఎప్పుడు పక్కాగా ఉంటదో నువ్వే సూసి చెప్పు," అంది హత్నూర నుంచి వచ్చే అమ్మాయి. మా నలుగురిలో చిన్నది ఆమె.

ఉత్తరాఖండ్ కొండల్లో ఒక ఊరు ఎంచుకున్నాం.

విడాకులయ్యాక నేను బీరంగూడలో రెండు గదుల ఇంట్లో ఒక్కదాన్నే ఉంటున్నాను. శనివారం సాయంత్రం ఫ్యాక్టరీ బస్సు దిగాక సోమవారం మళ్లీ ఎక్కేదాకా, కూరగాయలామెతో తప్ప ఎవరితోనూ మాట్లాడని వారాలున్నాయి. ఆ వానాకాలం మాత్రం ఆదివారాల కోసం ఎదురుచూశాను.

ఏ నెలలో ఎంత మంచు పడిందో చెప్పే వెబ్‌సైట్లు ఉన్నాయి గానీ, ఒకదాని అంకె ఇంకోదానితో కలవదు. వాటిలో నిజంగా కొలిచినవి తక్కువ, అంచనా కట్టినవి ఎక్కువ అని తొందరగానే అర్థమైంది. అందుకని అక్కడికి వెళ్లొచ్చినవాళ్లు పెట్టిన ఫోటోలు వెతికాను. తేదీ చూసి, మంచు మడమ దాకా ఉందా, మోకాలి దాకా ఉందా, అసలు మట్టే కనిపిస్తోందా అని ఏడాదివారీగా రాసుకున్నాను. ఒక కుటుంబం ఏటా వెళ్లేది. కూతురు మొదటి ఫోటోలో తండ్రి భుజాల మీద ఉంది. చివరిదాంట్లో తల్లికంటే పొడుగు. మంచు సంగతి మరిచిపోయి వాళ్లనే చూస్తూ కూర్చున్న మధ్యాహ్నాలున్నాయి. మధ్యలో ఒక ఏడాది వాళ్ల ఫోటోలు లేకపోతే, సొంతవాళ్లకేదో అయినట్టు కంగారుపడ్డాను.

చివరికి తేలిందేమిటంటే, డిసెంబరు ఆఖరు నమ్మదగింది కాదు. పడినా నాలుగు రోజులకు కరిగిపోతుంది. ఫిబ్రవరి రెండో వారంలో మాత్రం దాదాపు ప్రతి ఏడూ మంచు నిలిచింది. అదే చెప్పాను.

"అప్పుడు పిల్లలకు స్కూలుంటది గద అక్కా. జనవరి ఒకటికి ఉండదా?" అంది హత్నూర అమ్మాయి.

"ఉండొచ్చు. నేనైతే నమ్మను."

"సరే, మా ఇంట్ల అడుగుత."

ఆ తరవాత ఎవరూ ఆ మాటెత్తలేదు. పని ఒత్తిడి అనుకున్నాను. జనవరి ఒకటి పొద్దున ఫోన్ తెరిస్తే, ఫోటోలో మూడు కుటుంబాలూ కోట్లు తొడుక్కుని ఆ ఊళ్లోనే నిలబడి ఉన్నాయి. కాళ్ల కింద ఎండిన గడ్డి.

వాళ్లు తిరిగొచ్చాక ఒక రోజు ముత్తంగి దగ్గర లారీలు అడ్డంపడి మా బస్సు ఆగిపోయింది. హత్నూర అమ్మాయి లేచొచ్చి నా పక్కన కూర్చుంది.

"కోపం చేసుకోకక్కా. మా ఇంటాయన ఫ్యామిలీలతోని పోదామన్నడు. అందరం జంటలు జంటలుంటే నువ్వొక్కదానివి పరేషాన్ అయితవని చెప్పలే."

"పర్వాలేదులే. మంచు ఉందా?"

"యాడిది! అంత మట్టే."

నాకు లోపల ఎక్కడో సంతోషం కలిగింది. ఆ వెంటనే నా మీద నాకే అసహ్యం వేసింది. లేచి దిగిపోవాలనిపించింది గానీ అది దిగే చోటు కాదు. ఆమె పక్కనే అరగంట కూర్చున్నాను.

మరునాడే ఫిబ్రవరికి సెలవు పెట్టాను. "ఎవరెవరు పోతున్నరు?" అన్నారు మా సారు. "నేనే," అన్నాను. ఆయన సంతకం చేశారు.

అక్కడ మొదటి రోజంతా వాన. నా లెక్క తప్పిందనుకున్నాను. రెండో రోజు పొద్దున తలుపు తీస్తే గుమ్మం ముందు మెట్లు లేవు, అంతా తెలుపే. స్కీయింగ్ నేర్పేది నా వయసున్న ఆ కొండల ఆడమనిషి. ఒక్కరే వచ్చారా అని హిందీలో అడిగి, "మంచిదేలెండి, పడితే నవ్వేవాళ్లుండరు," అంది. లెక్కలేనన్నిసార్లు పడ్డాను. నిజంగానే ఎవరూ నవ్వలేదు.

మూడో రోజు ఒక చిన్న వాలు మొదలు నుంచి చివర దాకా పడకుండా జారాను. గట్టిగా కేకవేసి వెనక్కి తిరిగాను. ఆమె అప్పటికే ఇంకెవరికో నేర్పుతోంది. చేతి తొడుగు తీసి ఫోన్ పట్టుకున్నాను. ఎవరికి చేయాలో తేలేలోపు వేళ్లు కొంకర్లు పోయాయి.

తిరిగొచ్చాక క్యాంటీన్‌లో హత్నూర అమ్మాయి నా ఫోటోలు చాలాసేపు చూసింది.

"ఒక్కదానివే తిరిగినవా? భయం కాలేదా అక్కా?"

"మొదటి రోజే అయింది."

"వచ్చేసారి నన్ను తోల్కపో. మా ఇంటాయన్ని ఇడిసిపెట్టి నేనొక్కదాన్నే వస్త."

ఆమె నిజంగానే అడిగిందని కళ్లు చూస్తే తెలుస్తోంది. "అప్పటి సంగతి అప్పుడు చూద్దాంలే," అన్నాను. ఆమె తలూపి డబ్బా మూత పెట్టుకుని లేచింది. రమ్మని ఒక్క మాట అంటే నాదేం పోయేది? ఇప్పటికీ అనలేదు.