బండరాయుడికి పిట్ట ముట్టని రోజు

పుస్తకంలో లేని చావొకటి సొంత తెలివితో పుట్టించి, ముంబై కామాటిపురలో వరస గదుల మా చాల్ అంతటికీ మైల పట్టించిన ఘనురాలిని నేను. చచ్చినవాడు రాక్షసుడు. అదీ కాగితం రాక్షసుడు. అయినా మా అంతస్తులో సగం ఇళ్లలో ఎవరూ సరిగ్గా తినలేదు, పిల్లలు నాతో మాట్లాడలేదు, మా మామ మందులు మానేశాడు. ఆ ఆఖరి మాట ఒక్కటి నవ్వులాట కాదు. మిగతాదానికి మీరు నవ్వుకోండి, నేనూ నవ్వుతాను, కాకపోతే కాస్త అటూఇటూ చూసుకుని నవ్వుతాను.

ముందు మామ సంగతి చెప్పాలి. మా అమ్మకు తమ్ముడు, పేరు ఎల్లయ్య. పాలమూరు నుంచి కూలికొచ్చి మేస్త్రీ అయ్యాడు. "బంబైల సగం బిల్డింగులు నేనే కట్టిన" అనేవాడు. ఉండడానికి మాత్రం మా ఒంటిగది ఖోలీలో కిటికీ పక్కన మంచమొకటే. ఒక వానాకాలం దగ్గు పట్టుకుంది, వాన పోయినా దగ్గు పోలేదు. నాగ్‌పాడా దవాఖానాలో పరీక్ష చేసి టీబీ అన్నారు. నెలల తరబడి రోజూ గోలీలు మింగాలి, మధ్యలో మానేస్తే జబ్బు మొండికెత్తుతుంది, అప్పుడిక ఈ మందులకు లొంగదు అని డాక్టరమ్మ అమ్మకూ, నాకూ, మామకూ విడివిడిగా చెప్పింది. ముగ్గురిలో మామకొక్కడికే వినపడలేదు.

"గోలేసుకుంటే కడుపుల తిప్పుతుందే అక్కా. సిమెంటు మింగినట్టున్నది."

"సిమెంటు ఇన్నేండ్లు ముక్కుల నుంచి మింగలేదారా? ఇది నోట్ల నుంచి మింగు," అనేది అమ్మ.

మామ గోలీ నాలుక కింద దాచి, అమ్మ అటు తిరగ్గానే కిటికీలోంచి ఉమ్మేసేవాడు. కింద రేకుల కప్పు మీద ఎర్ర గోలీలు పోగయ్యాయి. అవి చూసిన రోజు అమ్మ తిట్టలేదు, కొట్టలేదు, స్టవ్ ముందు కూర్చుని ఏడ్చింది. ఆ ఏడుపు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

నేనప్పుడు బీఏ మొదటి సంవత్సరం. సాయంత్రాలు మా ఖోలీ ముందు గ్యాలరీలో పిల్లలకు ట్యూషన్ చెప్పేదాన్ని. ట్యూషన్ అయ్యాక కథ చెబుతానంటేనే పిల్లలు లెక్కలు చేసేవారు. కథ ఎక్కడిదంటే, గ్రాంట్ రోడ్ ఫుట్‌పాత్ మీద దొరికిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకం. అట్ట లేదు, పేరు తెలియదు. ఒక ఊళ్లో తెల్లవారడం ఆగిపోతుంది. మాంత్రికుడొకడు పొద్దును ఎత్తుకుపోయి మంచుకొండల అవతల కోటలో కుండలో పెట్టి మూతేస్తాడు. దాన్ని తేవడానికి ఒక చిన్నపిల్ల ఒంటరిగా బయల్దేరుతుంది. ఆ పిల్ల పేరు పిల్లల నోట తిరగడం లేదని నేనే "చిన్ని" అని మార్చాను. అదీ నా మొదటి దిద్దుబాటు. అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు.

రెండో రోజో మూడో రోజో కిటికీలోంచి ఒక గొంతు వచ్చింది.

"ఓ పోరీ, కోట మబ్బుల మీదున్నదంటివి. పునాది ఏడ తీసిండ్రు?"

"మామా, అది మాయల కోట."

"మాయదైతేంది? గోడ గోడనే. అంత ఎత్తు గోడకు కింద మందమెంత పెట్టిండ్రో రాసిండ్రా పుస్తకంల?"

"రాయలేదు."

"మరి కట్టినోళ్లకు పగారన్న ఇచ్చిండా, ఆ మంత్రగాడు?"

పిల్లలందరూ నా మొహం చూశారు. కూలి డబ్బులు ఇచ్చి ఉండడని వాళ్లకూ అనిపించింది. ఆ రోజు నుంచి మాంత్రికుడి మీద మా చాల్లో ద్వేషం రెట్టింపైంది.

"పోరగాండ్ల కథలు నాకెందుకు" అని మామ గోడవైపు తిరిగి పడుకునేవాడు. కానీ నేను గొంతు తగ్గిస్తే దగ్గు ఆపుకునేవాడు. అది కనిపెట్టాను. మర్నాడు కథ మంచి పట్టు మీద ఉండగా ఆపి, గోలీ పట్టుకుని లోపలికి వెళ్లాను.

"ముందు గోలీ, తర్వాత కథ."

"ముందు కథ చెప్పు. తర్వాత మింగుత."

"కుదరదు."

"నీ కథల మన్నువడ," అని తిట్టి మింగాడు. నోరు తెరిపించి నాలుక కింద కూడా చూశాను. ఆ రోజు మొదలు రోజూ ఇదే బేరం, రోజూ నాదే గెలుపు.

ఇన్నేళ్లు ఇటుక మీద ఇటుక పేర్చినవాడికి, మాయల కోటలతో ఏం పని అని నేను మొదట్లో ఆశ్చర్యపోయాను. తర్వాత అర్థమైంది. పిల్లలకు ఆ కథ దూరదేశం. మామకు అది తన మంచమే. చీకటి, చాలా దారి, చివర ఏముందో తెలియదు, అయినా ఒక పిల్ల నడుస్తూనే ఉంది. ఆ పిల్ల నడిచినంతసేపూ మామ ఊపిరి కూడా నెమ్మదిగా ఆడేది.

అది చూసి నాకు తెలివి ఎక్కువైంది. పుస్తకంలో ఒక వంతెన దగ్గర రాతి రాక్షసుడొకడు ఉంటాడు. రెండు పేజీలుండి దారి వదిలేసి వెళ్లిపోతాడు. నేను వాణ్ణి వెళ్లనివ్వలేదు. బండరాయుడని పేరు పెట్టి చిన్నికి తోడిచ్చాను. వాడికొక దగ్గు కూడా ఇచ్చాను. వాడు దగ్గితే కొండల మీంచి రాళ్లు దొర్లుతాయి. ఆ దగ్గు పోవాలంటే రోజూ ఒక చేదు ఊటబుగ్గ నీళ్లు తాగాలి, ఒక్క రోజు మానినా మళ్లీ మొదటికొస్తుంది. మామ ఆ సాయంత్రం నేను అడక్కుండానే గోలీ వేసుకుని, "ఇగ చెప్పు, ఏమాయె వాడు?" అన్నాడు.

బండరాయుడు మా చాల్‌కు అల్లుడికంటే ఎక్కువైపోయాడు. పక్క ఖోలీ లచ్చవ్వ చేటలో బియ్యం పట్టుకొచ్చి రాళ్లేరుతూ వినేది. కూలి దొరికే నాకా నుంచి తిరిగొచ్చిన కూలోళ్లు కాళ్లు కడుక్కోకుండానే కూర్చునేవారు. మామకు దగ్గు తగ్గింది. కాస్త కండ పట్టాడు.

సరిగ్గా అప్పుడే కాలేజీలో మా మేడమ్ ఒక మాట అన్నారు. సుఖాంతాలు పిల్లలకు, గొప్ప కథలన్నీ చావుతోనే ముగుస్తాయి అని. పంతొమ్మిదేళ్ల బుర్రకు అంతకంటే పెద్ద నిప్పురవ్వ అక్కర్లేదు. కోతికి కొబ్బరికాయ దొరికితే కొట్టుకుని తింటుందేమో గానీ, నాకు దొరికింది తీసుకెళ్లి మా వాళ్ల నెత్తిన కొట్టాను. ఆ సాయంత్రం చిన్ని పొద్దుకుండ పట్టుకుని కోటలోంచి పరిగెత్తుతుంటే, కూలుతున్న ద్వారాన్ని బండరాయుడు భుజాల మీద మోస్తాడు. చిన్ని బయటపడుతుంది. గోడ వాడి మీద పడుతుంది. ఒక్క దగ్గు వినిపిస్తుంది. ఆ తర్వాత వినిపించదు.

గొంతు వణికించి మరీ చెప్పాను. చప్పట్ల కోసం ఆగాను.

పింకీ అనే పిల్ల మొదట ఏడ్చింది. దాన్ని చూసి మిగతావాళ్లు. లచ్చవ్వ చేట కింద పెట్టేసి, "పాడుముండా, ఏం చేసిండే వాడు నీకు?" అంది. అమ్మ లోపల్నుంచి, "నిన్ను చదివిచ్చింది ఇందుకేనా?" అంది. మామ కిటికీ రెక్క మూసేశాడు.

మర్నాడు సాయంత్రం గోలీ తీసుకెళ్లాను. మామ గోడవైపు తిరిగి ఉన్నాడు.

"వద్దు."

"మామా, ముందు గోలీ..."

"వాడు తాగలేదా చేదునీళ్లు? రోజు తప్పకుండ తాగిండు. ఏమాయె?"

"అది కథ మామా!"

"కథని నాకు తెల్వదా? పిచ్చోన్నా నేను?" అని ఇటు తిరిగాడు. "ఆ దగ్గు ఎవనిది? నాదే గదా. నా దగ్గు కొంచబోయి వానికి పెట్టింది నువ్వే గదనే. పెట్టినదానివి చంపేముందు నా దిక్కు ఒక్కసారి చూస్తివా?"

నాకు చెలగాటం, మామకు ప్రాణసంకటం. అప్పటిదాకా నేను కథ చెబుతున్నాననుకున్నాను. నేను ఒక మనిషిని మోస్తున్నానని ఆ క్షణాన తెలిసింది, అదీ కింద పడేశాక.

బతికించడానికి ప్రయత్నించాను. "అసలేం జరిగిందంటే, అక్కడొక సంజీవి మొక్క..." అని మొదలుపెట్టాను. పిల్లలు లేచి వెళ్లిపోయారు. "కూలిన గోడకు సున్నం కొడ్తే నిలవడ్తదానే?" అన్నాడు మామ. రెండో రోజూ గోలీ ముట్టలేదు. అమ్మ మళ్లీ స్టవ్ ముందు కూర్చుంది.

మూడో రోజు పొద్దున్నే లచ్చవ్వ ప్రకటించింది. "ఆ ఎడ్డోనికి తల్లి లేదు, తండ్రి లేడు. పిట్టకు మనమే పెట్టాలె."

తెలియనివాళ్లకు చెప్పాలి. మా వాళ్లలో మనిషి పోయిన మూడోనాడు, పోయినవాడికి ఇష్టమైనవన్నీ వండి ఆకులో పెట్టి, కాకి ముట్టేదాకా ఎదురుచూస్తారు. కాకి ముడితే పోయినవాడు తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో మిగిలిపోయినట్టు. రాక్షసుడికి కూడా ఇది వర్తిస్తుందా అని అడిగే ధైర్యం నాకు లేదు. టెర్రస్ మీద ఆకు వేశారు. అన్నం, గుడ్డు, చేదునీళ్లకు గుర్తుగా కాకరకాయ కూర. బండరాయుడు రాళ్లు తింటాడని పింకీ పట్టుబట్టి ఒక ఇటుకముక్క కూడా పెట్టింది.

మనుషులు కనపడితే కాకి దిగదని అందరూ నీళ్ల ట్యాంకు వెనక్కి వెళ్లారు. "నేను ఇటుపక్క నుంచి చూస్తుంటా" అని నేను మెట్ల వైపు నక్కాను. అప్పుడు తట్టింది నాకు. కాకి ముడితే బండరాయుడు చచ్చినట్టే. లచ్చవ్వ తీర్పు అది, పైన కోర్టు లేదు. ముట్టకపోతే?

ముంబై కాకుల సంగతి మీకు తెలుసో లేదో. అవి కాకరకాయకు వెనకాడవు, ఇటుకకైనా రుచి చూడందే వదలవు. వచ్చాయి, ఒకటి కాదు, దండు. నేను వంగి కంకర ఏరి విసరడం మొదలెట్టాను. ఒకటి లేస్తే రెండు దిగేవి. చున్నీ తిప్పాను. చెప్పు విసిరాను, అది పక్క చాల్‌లో పడింది. ఒక కాకి నా నెత్తిన తన్ని పోయింది. సన్నగా వాన మొదలైంది. తడిసి, ఏడుస్తూ, లేని రాక్షసుడి కోసం ఉన్న కాకులతో కుస్తీ పట్టాను.

వెనకాల ఎవరో రొప్పుతున్న చప్పుడైంది. తిరిగి చూస్తే మామ. మెట్లెక్కి వచ్చి గోడ పట్టుకుని నిలబడ్డాడు. నా చేతిలో రాళ్లు చూశాడు, ఒంటికాలి చెప్పు చూశాడు. ట్యాంకు వైపు కేకేశాడు.

"ఓ లచ్చక్కా! పిట్ట ముట్టలే!"

"ముట్టలేదా?" లచ్చవ్వ బయటికొచ్చింది. "ఈ ఊరి కాకి ముట్టకపోవుడేంది?"

"వాడు సావలేదన్నట్టు," అన్నాడు మామ. ట్యాంకు చాటున కూలబడి పిల్లల్ని దగ్గరికి పిలిచాడు. "ఇనుండ్రి. గోడ కూలితే మొత్తం నిండుగ పడదు. పెద్ద రాళ్లు ఒకదానికొకటి ఆనుకుంటయి, కింద సందుంటది. ఒకసారి సైటు మీద మేమట్ల ఒకన్ని సజీవంగ తీసినం. దబదబ గుంజద్దు. పైనుంచి ఒక్కొక్కటి తీయాలె, పక్కకు బల్లలు ఆనిచ్చుకుంట పోవాలె. చిన్నికి చెప్పుండ్రి, కుండ పక్కన పెట్టి మొదటి రాయి పట్టుకొమ్మని."

వానలో ఆ గోడ మొత్తం మామే మాటలతో తీశాడు. మధ్యమధ్య దగ్గు వస్తే ఆగి, మళ్లీ తీశాడు. బండరాయుడి చెయ్యి కదిలినప్పుడు పింకీ ఎగిరి గంతేసింది. అప్పుడు మామ నా వైపు చెయ్యి చాపాడు. "తే. గోలీ తే."

మందులు పూర్తయ్యాయి. పరీక్షలో జబ్బు లేదని తేలిన రోజు మామ నా చెవిలో అన్నాడు, "నీ గురి మాత్రం పనికిరాదే పోరీ. అన్ని రాళ్లేస్తివి, ఒక్క కాకికన్న తాకిందా?"

కథ ముగింపు మాత్రం నన్ను చెప్పనివ్వలేదు. "అది దాసిపెట్టు" అనేవాడు. చిన్ని, బండరాయుడు ఏళ్ల తరబడి దారిలోనే ఉండిపోయారు. జబ్బు పోయినా, సిమెంటు తిన్న ఊపిరి తిరిగి రాలేదు. మామ మళ్లీ గోడ కట్టలేదు. మొన్నటి వానాకాలం, నిద్రలోనే, కిటికీ పక్క మంచం మీదే పోయాడు.

మూడోనాడు అదే టెర్రస్. అదే ట్యాంకు. ఆకు నిండా మామకు ఇష్టమైనవే. కాకి ముట్టలేదు. గోడ మీద వరసగా కూర్చున్నాయి, ఒక్కటీ దిగలేదు. ఈసారి నా చేతిలో రాయి లేదు, ఒట్టు. నిజం చెప్పాలంటే లోపల ఎక్కడో సంతోషపడ్డాను. ముట్టలేదంటే, గోడ కింద సందు ఉందేమో.

లచ్చవ్వకిప్పుడు చూపు ఆనదు. తడుముకుంటూ నా భుజం పట్టుకుంది. "ఏమి బాకీ పడ్డవే వానికి? ఇచ్చెయ్యరాదు?"

ఆకు ముందు కూర్చుని చెప్పాను. చిన్ని ఊరు చేరుతుంది. కుండ మూత తీయాలంటే ఎత్తైన చోటు కావాలి. బండరాయుడు ఆ పిల్లను భుజం మీద ఎక్కించుకుని నిలబడతాడు. మూత తీస్తారు. ఊరంతా తెల్లవారుతుంది. ఆ వెలుగులో బండరాయుడు నిండా ఊపిరి పీలుస్తాడు. దగ్గు రాదు.

ఆ మాట అనగానే గోడ మీంచి ఒక కాకి దిగి, నా మొహం చూస్తూ, ముద్ద ఎత్తుకుపోయింది.

ముందు కథ, తర్వాత మింగుడు. అన్ని నెలలు నేను ఒప్పుకోని బేరం, మామ పోయాక గెలిచాడు.

కనుక యావన్మందికీ తెలియజేయడమేమనగా, ఇకమీదట నా కథల్లో నేనెవరినీ చంపను. దోమను కూడా చంపను. చంపక తప్పదని ఏ కాలేజీ మేడమ్ చెప్పినా సరే, ముందు కిటికీ పక్క మంచం మీద ఎవరున్నారో చూసుకుంటాను. మంచం ఖాళీగా ఉన్నా సరే.