రెండో అంతస్తు గోడలో మోత

జకర్యాను చెంపమీద కొట్టింది శ్రీరామనవమికి రెండు రోజుల ముందు, పొద్దున స్నానాల వేళ, లాడ్జి మెట్ల మీద. కొట్టింది యజమాని వెంకటేశ్వరరావు. పాతికమంది యాత్రికులు తువ్వాళ్ళు భుజాన వేసుకుని చూస్తూ నిలబడ్డారు. దేవుడి పెళ్ళి చూడ్డానికి అంత దూరం నుంచి వచ్చినవాళ్ళలో ఒక్కడు కూడా ఎందుకు కొట్టావని అడగలేదు.

భద్రాచలంలో ఆ మూడంతస్తుల లాడ్జికి పైపులు వేసింది జకర్యా ఒక్కడే. 2003లో, చలికాలం చివర లాడ్జి తెరిచారు. పది రోజులు తిరక్కుండానే రెండో అంతస్తు గోడలో మోత మొదలైంది. కింద ఎవరు నల్లా తిప్పినా చాలు, గోడ లోపల ఎవరో పళ్ళు కొరుకుతున్నట్టు టకటకమని ఒకటే చప్పుడు. నల్లా కట్టేస్తే ఆగేది.

జకర్యా నాలుగుసార్లు వచ్చాడు. మొదటిసారి వదులుగా ఉన్న క్లాంపులు బిగించాడు. రెండోసారి నల్లాల్లో వాషర్లన్నీ మార్చాడు. మూడోసారి లైను చివర జానెడు పైపు నిలువుగా పెట్టి మూత బిగించాడు. నల్లా ఠక్కున కడితే వచ్చే అదురును అందులోని గాలి మింగేస్తుంది. నల్లా కట్టినప్పుడు వచ్చే దెబ్బ పోయింది గానీ టకటక పోలేదు. నాలుగోసారి పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన గోడకు ఆనించి, పిడి చెవి వెనక ఎముకకు పెట్టుకుని చాలాసేపు విన్నాడు.

"లోపల ఏదో వస్తువు ఆడుతుంది సార్. వంపు కాడ. నాలుగు టైల్స్ తియ్యనియ్యుండ్రి, పైపు కోసి చూస్త."

"నిన్నగాక మొన్న వేసిన టైల్సయ్యా అవి!" అన్నాడు వెంకటేశ్వరరావు. ఆయనది కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. "లోపల ఏదో ఉందంటే ఎవడు వదిలినట్టు? పైపులు కోసింది నువ్వు, బిగించింది నువ్వు. ఇనుప ముక్క లోపల వదిలేసి, ఇప్పుడు నా గోడ పగలగొడతానంటావా?"

"ఊది బిగించిన సార్. ప్రతి పైపు ఊదిన."

"ఊదావో, బీడీ తాగుతూ కూర్చున్నావో!"

ఆ పొద్దునే గుంటూరు నుంచి వచ్చిన కుటుంబమొకటి, ఈ చప్పుడుకు పసిపిల్ల ఉలిక్కిపడి ఏడుస్తోందని గది ఖాళీ చేసింది. ఆ కోపమంతా జకర్యా చెంప మీద దిగింది. సాయంత్రానికల్లా ఆ మాట బజారుకూ చేరింది. అక్కడ ప్లంబర్‌కు పని దొరికేది హార్డ్‌వేర్ దుకాణాల ముందు బల్ల మీద. ఎవరికి పని పడ్డా దుకాణానికి వచ్చి "మంచోణ్ణి పంపు" అంటారు. "పైపులో ముక్క మరిచిపోయినోడు" అనే పేరు పడ్డాక బల్ల మీద కూర్చోవడం తప్ప జకర్యాకు పనేమీ లేదు. నెల రోజులు కూర్చున్నాడు. ఆ తర్వాత అదీ మానేశాడు.

బూర్గంపాడులో అతని ఇల్లు రెండు గదులు. భార్య సంపూర్ణ అంగన్‌వాడీలో ఆయా. గోదావరి దాటి భద్రాచలం పోవడం మానేసి జకర్యా ఊళ్ళ మీద పడ్డాడు. నదికి ఇవతలి ఊళ్ళలో హాస్టళ్ళు, టేకులపల్లి వైపు టీచర్ల ఇళ్ళు. ట్యాంకులూ నల్లాలూ అప్పుడప్పుడే ఆ పల్లెలకు వస్తున్నాయి. వాటితోపాటే మోతలూ వస్తున్నాయి.

మోత ఎక్కడని అడిగేవాడు కాదు, ఎప్పుడని అడిగేవాడు. నల్లా తిప్పగానే ఈలలాగా వస్తే వాషర్ అరిగింది. కట్టగానే ధన్‌మంటే నీళ్ళ అదురు. మోటరు ఆపగానే గుద్దినట్టుంటే వాల్వు. ఇంటివాళ్ళకు ఇదంతా మంత్రంలా కనిపించేది. అతనికి మాత్రం అవి పైపుల ఒళ్ళు నొప్పులు, అంతే.

టేకులపల్లి దగ్గర తండాలో దస్రు అనే టీచరు కొత్త ఇల్లు కట్టుకున్నాడు. ట్యాంకు నిండే వేళకు ఇల్లంతా ఎద్దు రంకె వేసినట్టు మోగేది. జకర్యా ట్యాంకు ఎక్కి చూశాడు. పడే నీళ్ళకు అలలు లేచి, వాల్వుకు తగిలించిన తేలే బంతి పైకీ కిందికీ ఊగుతోంది. దాంతో వాల్వు తెరుచుకుంటూ మూసుకుంటూ పైపును అదరగొడుతోంది. నీళ్ళు పడేచోట ఒక గొట్టం అడుగు దాకా దించాడు. అలలు ఆగిపోయాయి. పక్కనే తుప్పు పట్టిన మూరెడు పైపు కోసి కొత్తది వేయాలి. కోసిన కొత్త పైపు ఊదాడు. కర్రతో తట్టాడు. మళ్ళీ ఊదాడు. చివరికి దస్రు చేతికిచ్చాడు.

"చూడుండ్రి సార్, ఎండకు పెట్టి చూడుండ్రి."

"ఏందన్నా, ఇది దుర్బీనా? చంద్రుడు కనపడతడా?"

"లోపల ఏం లేదని మీ నోటితోటి చెప్పుండ్రి, బిగిస్త."

"లేదయ్యా, ఏం లేదు! నా బడి పిలగాండ్లు నయం నీకన్న."

కోసిన ముక్కలన్నీ గుడ్డ మీద పేర్చి ఇంటివాళ్ళకు చూపించేవాడు. గంటలో అయ్యే పనికి పూట పట్టేది. అందరూ నవ్వేవాళ్ళు. కొందరు విసిగి ఇంకొకరిని పిలుచుకునేవాళ్ళు. పని మీద శ్రద్ధ అనుకున్నవాళ్ళూ ఉన్నారు. అది శ్రద్ధ కాదు, భయం. ఆ లాడ్జిలో ఆఖరి పైపు బిగించిన రోజు జకర్యాకు జ్వరం. ఆ రోజు అన్నీ ఊదాడా? ఊదానని నోటితో అన్నాడే గానీ, ఆ వంపు దగ్గరి పైపును ఊదినట్టు ఎంత తలుచుకున్నా గుర్తుకు రాదు. కొట్టినవాడి మాటే నిజమైతే? ఆ ఒక్కటి తేలితే చాలనిపించేది. తప్పు తనదైనా సరే, తేలితే చాలు.

"ఇంకా దాన్నే నములుతవేందయ్యా," అనేది సంపూర్ణ. "ఆదివారం ప్రార్థనల కండ్లు మూసుకుంటే కూడ నీకు పైపులే కనపడతయి. పంచాయతీల నీళ్ళు వదిలే పని ఇస్తమంటున్నరు, పో."

"పోత."

"ఎప్పుడు?"

"తేలినంక."

"ఏం తేలాల? గోడ కోస్తే గద తేలేది. గోడ నీదా?"

అతను సంచి భుజాన వేసుకుని బస్సుకు పోయేవాడు.

2008 వానాకాలం. లాడ్జిలో రెండో అంతస్తు స్నానాల గదులు పగలగొట్టి కొత్తగా కడుతున్నారు. పైపుల పని హీరాలాల్‌ది. ఒకప్పుడు జకర్యా దగ్గర పని నేర్చుకున్నవాడు. మధ్యాహ్నం హీరాలాల్ మోటరు సైకిల్ మీద బూర్గంపాడు వచ్చాడు. చెప్పులు కూడా విప్పలేదు.

"అన్నా, నడువు. గోడల మోత దొరికింది."

జకర్యా లేవలేదు. "ముక్కనా?"

"నువ్వే వచ్చి చూడు."

"ముక్కనో కాదో చెప్పరాదుర!"

"కాదన్నా. ముక్క కాదు."

లాడ్జి కౌంటరు మీద, కోసిన వంపు పక్కన ఒక వెండి బిళ్ళ ఉంది. రూపాయంత. ఒకవైపు లక్ష్మీదేవి బొమ్మ. ఐదేళ్ళు పైపులో కొట్టుకుని అంచులు అరిగిపోయాయి. నీళ్ళు పారినప్పుడు లేచి పైపుకు కొట్టుకుంటూ, ఆగినప్పుడు వంపులో పడుకుంటూ ఉంది. వెంకటేశ్వరరావు భార్య నాగలక్ష్మి దాన్ని చేతిలోకి తీసుకుని చూసింది.

"అయ్యో, ఇది నేను వేసిందే కదండీ," అంది భర్తతో. "ట్యాంకులోకి మొదటిసారి నీళ్ళు ఎక్కిననాడు, పసుపూ కుంకుమా వేసి గంగమ్మకని వేశాను. అడుగునే ఉంటుందనుకున్నా."

కొత్త నీళ్ళకు అలా ఏదో ఒకటి సమర్పించడం అక్కడ చాలా ఇళ్ళల్లో ఉన్నదే. బావికైతే అడుగున ఉండిపోతుంది. ట్యాంకుకు అడుగున పైపు ఉంటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ రోజు జకర్యా కింద వాల్వు పట్టుకుని కూర్చున్నాడు, పైన ఏం వేశారో చూడలేదు.

వెంకటేశ్వరరావు కాసేపు రిజిస్టరు తిరగేశాడు. పనివాళ్ళంతా చూస్తున్నారు.

"సరేలే జకర్యా, ఏదో జరిగిపోయింది," అన్నాడు చివరికి. "ఈ మూడంతస్తుల పనీ నువ్వే చెయ్యి. హీరాలాల్ నీ కింద చేస్తాడు. మనలో మనకేంటి?"

జకర్యా ఆ బిళ్ళను తీసుకుని చూశాడు. ఊది, తడి తుడిచి, నాగలక్ష్మి ముందు పెట్టాడు. అతనూ వెంకటేశ్వరరావూ ఆ తర్వాత మళ్ళీ కలవలేదు. పంచాయతీలో నీళ్ళు వదిలే పనికి అతను ఆ వారమే చేరిపోయాడు. ఆ మధ్యాహ్నం కౌంటరు ముందు నిలబడి వెంకటేశ్వరరావుతో చెప్పింది ఇంతే:

"కొట్టింది ఎప్పుడో మర్శిన సార్. పని వద్దనేది దానికి కాదు. ఈ ఐదేండ్లు నా చేతుల్ని నేనే నమ్మకపోతిని. నమ్మకుంటనే ఎన్నో ఇండ్లల్ల పని చేసిన, మస్తు అలుపొచ్చింది. పని హీరాలాల్‌కే ఉండనియ్యుండ్రి, మంచిగ చేస్తడు. నేను పోయొస్త."