తొక్క ఉన్నవే తినే బావ

"అక్కా, మందు దేన్లో కలుపుతన్నావు?" అని అడిగాడు సాలూరు నుంచి వచ్చిన లారీ డ్రైవరు.

మా అక్క చేతిలో గరిటె పులుసు గిన్నెలోనే ఆగిపోయింది. అతను బొబ్బిలిలో మా అక్క ఇంట్లో కాలుపెట్టి పది నిమిషాలు కాలేదు. బావ మంచం పక్కనున్న బుట్టలో అరటి తొక్కలు, వేరుశనగ పొట్టు, తేగల పీచు ఒకసారి చూశాడు. లేచి వంటింటి గుమ్మం దగ్గరకొచ్చి ఆ ఒక్క ముక్కా అడిగాడు. అక్క నావైపు చూసింది. నేను క్యాలెండర్ వైపు చూశాను. ఆ ఇంటికి వెళ్లినప్పుడల్లా బావ మాత్రలు పొడి చేసి ఇచ్చిన చెయ్యి నాదే.

మా బావది కిరాణా కొట్టు. ఆ ఏడాది వేసవిలో, సరుకు కట్టించుకుని వెళ్లిపోయినవాళ్లు వెనక నుంచి ఇంకా తనను తిడుతూనే ఉన్నారని చెప్పడం మొదలుపెట్టాడు. దసరా నాటికి షట్టరు దించేశాడు. విజయనగరంలో డాక్టరుకు చూపించాం. ఆయన గది ముందు వరస మెట్ల దాకా ఉండేది. అయినా ఓపిగ్గా మాట్లాడి మాత్రలు రాశారు. "నాకేటీ జబ్బు లేదు" అని బావ వాటిని ఉమ్మేశాడు. నచ్చజెప్పి వేయించండి అన్నారు డాక్టరు. రెండు రోజులు నచ్చజెప్పాం. మూడో రోజు రోలు తీశాం. చింతపండు పులుపులో ఏ చేదైనా అణిగిపోతుందని మా అక్క నమ్మకం. డాక్టరుకు మాత్రం ఈ సంగతి చెప్పలేదు.

పక్షం తిరక్కుండానే బావ కంచం మానేశాడు. అరటిపళ్లు, బత్తాయిలు, ఉడికించిన చిలగడదుంపలు, కొబ్బరిబోండాం, కాలాన్ని బట్టి తేగలు. అంతే. అన్నీ తనే ఒలుచుకునేవాడు. ఎప్పుడో ఒకప్పుడు తినకపోడని అక్క మాత్రం రోజూ మందు కలిపిన పులుసు పెడుతూనే ఉంది. అరసవల్లి దేవుడి మొక్కు అని అక్క ఇరుగుపొరుగుకు చెప్పింది. నేనైతే ప్రకృతి వైద్యం అనుకున్నాను. "పొట్ట బాగా తగ్గింది బావా" అని మెచ్చుకున్నాను కూడా. రాళ్లు కలిపిన బియ్యాన్ని చూసినట్టు చూశాడు నన్ను. ముప్పయ్యేళ్లు పేపర్లో పనిచేసి ఊరి సంగతులన్నీ రాసినవాణ్ణి, మా ఇంటి చెత్తబుట్ట సంగతి తెలుసుకోలేకపోయాను.

మూడో నెలకు చొక్కా వంకెకు తగిలించినట్టు వేలాడుతుంటే మళ్లీ డాక్టరు దగ్గరకు పరిగెత్తాం. ఆయన ఈ లారీ డ్రైవరును పంపారు. ఆసుపత్రిలో పీర్ వర్కర్ అనేవారు. ఇదే జబ్బు పడి లేచినవాడు. అలాంటివాళ్లను రోగుల ఇళ్లకు పంపడానికి ఏదో ప్రాజెక్టు కింద పెట్టుకున్నారు. పాత అలవాటు కొద్దీ, ఏం చదువుకున్నారని అడిగాను.

"ఇదే జబ్బు సదువుకున్నానండి. రెండుసార్లు తప్పీసి, మూడోసారి పాసయ్యాను."

అక్క నిజం ఒప్పుకుంది. అతను కోప్పడలేదు. "మా యమ్మ అంబల్లో కలిపీది. నేను ఏడు నెల్లు ఇంటికెళ్లకుండా రాయపూర్ రోడ్డు ఢాబాల్లోనే తిన్నాను. తల్లి సేతి కంటే ఢాబావోడి సెయ్యి నయమనిపించీసింది" అన్నాడు. వాకిట్లోకి వెళ్లి డాక్టరుకు ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పాడు. పులుసులో కలపడం ఈ పూటతో ఆపెయ్యమన్నారట. మందు మళ్లీ ఎంతతో మొదలుపెట్టాలో ఆయన్నడిగి రాసుకొచ్చాడు.

తర్వాత బావ మంచం పక్కన నేలమీద చతికిలబడ్డాడు.

"మావా, నీ అనుమానం నిజమే. కలిపారు. ఆ ఒక్క ఇసయంలో నీకు జబ్బు లేదు."

బావ అతని వైపు తిరిగాడు. "మిగిలిన ఇసయాల్లోనో?"

"అవి నిదానంగా సూద్దాం. నేనెక్కడికీ పోను."

జేబులోంచి తన మాత్రల షీటు తీసి, ఒకటి నొక్కి, బావ చెంబులో నీళ్లతోనే మింగాడు. బావ షీటు బావ చేతిలో పెట్టాడు. బావ దాన్ని ఇటూ అటూ తిప్పాడు, వెనకున్న రేకును గోటితో గీకాడు.

"దీనికీ తొక్క ఉన్నాది" అన్నాడు.

"ఉన్నాది మావా. నువ్వే ఒలుసుకో."

ఒలుచుకున్నాడు. వేసుకున్నాడు. వంటింట్లో అక్క ఆ పులుసంతా తూములో పారబోస్తున్న చప్పుడు వినబడింది.

ఆ తర్వాత ప్రతి గురువారం అతను వచ్చేవాడు. సగం ఎత్తిన షట్టరు కింద ఇద్దరూ కూర్చుని ఘాట్ రోడ్డు మలుపుల గురించి మాట్లాడుకునేవారు. మధ్యలో ఎప్పుడో, వెళ్లిపోయినవాళ్ల తిట్లు ఇంకా వినబడుతున్నాయా అని అడిగేవాడు. మేం ఎన్నడూ అలా అడగలేదు. అడిగితే పెరుగుతాయని మాకు భయం. నాలుగు నెలలకు షట్టరు పూర్తిగా లేచింది. డాక్టరు ఇచ్చినవి మొదటి నుంచీ అవే మాత్రలు. వాటిని తన చేత్తో వేసుకోవడం బావ ఆ డ్రైవరును చూసి నేర్చుకున్నాడు.

రెండేళ్లకు ప్రాజెక్టు గడువు అయిపోయింది. అలాంటి ఉద్యోగం ఒకటి ఉంచాలని డాక్టరు పైవాళ్లకు రెండుసార్లు రాశారు. జవాబు వచ్చినట్టు నాకు తెలియదు. అతను మళ్లీ లారీ ఎక్కాడు. బొబ్బిలి మీదుగా వెళ్తే కొట్టు ముందు ఆపి, "మావా, ఒలిసీసేవా?" అని కేకేస్తాడు. బావ షీటు ఎత్తి చూపిస్తాడు.

ఇప్పుడు బావ అక్క చేతి అన్నం తింటాడు, కూర తింటాడు, పచ్చడి అడిగి మరీ వేయించుకుంటాడు. ఆదివారం అక్క పులుసు పెడుతుంది. బావ చూస్తుండగా ముందు తన అరచేతిలో గరిటెడు పోసుకుని తాగి, గిన్నె ఆయన ముందు పెడుతుంది. ఆ గిన్నెను బావ ఇంకా ముట్టుకోలేదు.